రెండు వేళ్ల దౌడు

స్టీవ్ హారిస్ కుడిచేతిని దగ్గరగా చూడాలి. బేస్ గిటార్ వాయించేవాళ్లలో చాలామంది వేగం కావలసి వచ్చినప్పుడు ప్లాస్టిక్ పిక్ పట్టుకుంటారు. హారిస్ పట్టడు. చూపుడు వేలు, మధ్య వేలు, అంతే. ఈ రెండింటితోనే లావుపాటి తీగను కొడుతూ పోతాడు. అతని హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ పేరు చెప్పగానే ప్రపంచమంతా గుర్తుపట్టే లయ ఆ కొట్టుడులోంచే పుడుతుంది. మన తాళభాషలో చెప్పాలంటే అది ‘తా–కిట, తా–కిట’. ఒక దెబ్బను నాలుగు పాళ్లు చేస్తే ‘తా’కు రెండు, ‘కి’కి ఒకటి, ‘ట’కు ఒకటి. మెటల్ వాయించేవాళ్లు దాన్ని గుర్రపు దౌడు అంటారు. ‘ది ట్రూపర్’ పాటలో ఈ దౌడు నిమిషానికి సుమారు 160 దెబ్బల మీద నడుస్తుంది. దౌడు సాగినంత సేపూ సెకనుకు ఎనిమిది స్వరాలు. పైగా దెబ్బకు మూడు స్వరాలు, చేతిలో ఉన్నవి రెండు వేళ్లు. ఆ మూడింటిని ఈ రెండు వేళ్లకు పంచుతూ, బరువు మాత్రం ప్రతిసారీ ‘తా’ మీదే పడేలా చూసుకోవాలి. బల్ల మీద వేళ్లతో కొట్టి చూడండి. అర నిమిషం తిరక్కుండానే ముంజేయి బిగుసుకుపోతుంది.

ఆ చేతిని కళ్లారా చూడాలని నేను పెంచుకున్న ఆశ గురించీ, చూశాక ఆ బృందంలోని ఆరుగురి పనితనంలో నాకు తెలిసొచ్చిన దాని గురించీ ఈ వ్యాసం. ఏళ్ల తరబడి చెవితో విన్న పాటలే. అయినా ఎవరి చెయ్యి ఎక్కడ ఏం చేస్తోందో కంటికి కనబడిన రోజున అవి నాకు రెండోసారి పుట్టాయి.

1975లో లండన్ తూర్పు వైపున ఉన్న లేటన్‌లో హారిస్ ఈ బృందాన్ని మొదలుపెట్టాడు. మొదటి ఆల్బమ్ 1980లో వచ్చింది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ చేరాక 1982లో వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ వాళ్లను పెద్దవాళ్లను చేసింది. ఆ మరుసటి ఏడాది ‘పీస్ ఆఫ్ మైండ్’తో డ్రమ్స్ దగ్గరికి నికో మెక్‌బ్రెయిన్ వచ్చాడు. ‘ది ట్రూపర్’ ఆ ఆల్బమ్‌లోదే. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర ఫిరంగులకు ఎదురుగా గుర్రాలు దూకించి నేలకూలిన ఆంగ్ల దళం కథ అది. కాబట్టి ఆ దౌడు ఊరికే పెట్టిన అలంకారం కాదు. చచ్చిపోబోయే గుర్రం కాళ్ల చప్పుడది.

మా కలికిరికి ఈ సంగీతం బెంగుళూరు నుంచి వచ్చింది. అక్కడ చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు సెలవులకు వచ్చేటప్పుడు క్యాసెట్లు తెచ్చేవాడు. వాటి అట్టల మీద డెరెక్ రిగ్స్ గీసిన ఎడ్డీ బొమ్మ ఉండేది, ఎముకలు తేలిన ముఖంతో, గుచ్చి చూసే కళ్లతో. దాన్ని చూసి మా అవ్వ ఆ క్యాసెట్లను దేవుడి గూటి ఛాయలకు కూడా రానిచ్చేది కాదు. మా ఇంట్లో ఉన్నది ఒకే స్పీకరు ఉన్న టేప్‌రికార్డర్. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ బృందం పాటల్లో ఒక గిటార్ ఎడమ చెవికి, ఇంకొకటి కుడి చెవికి వినబడేలా రికార్డు చేస్తారు. ఒకే స్పీకరులో ఆ రెండూ కలిసిపోయి ఒకటే హోరుగా వచ్చేవి. ఆ హోరును నేను ప్రాణంగా ప్రేమించాను. అందులో ఎంతమంది ఉన్నారో మాత్రం నా చెవికి అందేది కాదు.

2007 మార్చి 17, శనివారం. ఉగాది ఇంకా రాలేదు. భారతదేశంలో ఐరన్ మెయిడెన్ మొదటి కచేరీ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. ఆ స్థాయి హెవీ మెటల్ బృందం మన దేశానికి రావడమే అప్పటికి కొత్త. కలికిరి నుంచి వాయల్పాడు, మదనపల్లె, అక్కణ్నుంచి సరిహద్దు దాటి చింతామణి, హోస్కోట మీదుగా బెంగుళూరు, నూట యాభై కిలోమీటర్ల దారి. మదనపల్లెలో ఎక్కి నా పక్కన కూర్చున్న టమాటా రైతు, “యాడికప్పా?” అని అడిగాడు. పాట కచేరీకి అన్నాను. “బాలు గారిదా?” అన్నాడు ముఖం వెలిగిపోగా. కాదు, ఇంగ్లీషోళ్లు అన్నాను. “పాటకోసరం ఇంత దూరం పోతాండావంటే మంచోళ్లే అయ్యుంటారులే” అని తన సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసిచ్చాడు. ఆ దారంతా, సరిహద్దు దాటాక కూడా, తెలుగు వినబడుతూనే ఉంటుంది. చింతామణిలో టీ తాగినా తెలుగులోనే అడగొచ్చు.

ఆ సాయంత్రమే వెస్టిండీస్‌లో ప్రపంచకప్ మ్యాచ్, బంగ్లాదేశ్ మీద ఇండియా. మన గడియారంలో ఏడింటికి మొదలు. దేశమంతా టీవీల ముందు ఉంది. మైదానంలో మాత్రం వేలమంది నల్లచొక్కాలు. హైదరాబాదు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ల తెలుగు, చెన్నై వాళ్ల తమిళం, ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్ల మాటలు అన్నీ ఒక్కచోట కలిసి వినబడ్డాయి. ఇండియా ఓడిపోయిన రాత్రి అది. ఆ ఓటమి తలుచుకుని బాధపడని కొద్దిమందిలో నేనొకణ్ని.

ముందు ఢిల్లీ బృందం పరిక్రమ, తర్వాత హారిస్ కూతురు లారెన్ హారిస్ పాడారు. పరిక్రమ ఆ రాత్రి వాయించిన తీరుకు ఆ ఏడు జూన్‌లోనే ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌కు పిలుపు దక్కింది. రాక్ సంగీతం మధ్యలో వయొలిన్ ఎంత ఒదిగి ఉండగలదో వాళ్లు చూపించారు. ఆ తర్వాత దీపాలు ఆరాయి. ‘డిఫరెంట్ వరల్డ్’తో మెయిడెన్ వేదికెక్కింది.

అప్పటికి హారిస్‌కు యాభై ఒకటి నిండి ఐదు రోజులు. గిటార్లు పట్టిన ముగ్గురూ, డేవ్ ముర్రే, అడ్రియన్ స్మిత్, జానిక్ గెర్స్, యాభైల్లో అడుగుపెట్టినవాళ్లే. నికోకు యాభై నాలుగు. డికిన్సన్‌కు నలభై ఎనిమిది. ఈ వయసు లెక్క వేదిక మీద ఎవరిలోనూ కనబడలేదు. హారిస్ అంచుదాకా ఉరికి వచ్చి, నేల మీద ఉన్న స్పీకరు మీద ఎడమ కాలు పెట్టి, బేస్ గిటార్‌ను తుపాకిలా జనం మీదికి గురిపెట్టి నిలబడ్డాడు. పాటలోని ప్రతి మాటనూ డికిన్సన్‌తో పాటు తనూ పెదాలతో పలుకుతున్నాడు. చాలా పాటలు అతను రాసినవే. తన మాట జనంలోకి ఎలా వెళుతోందో ఆ నోరు సరిచూసుకుంటున్నట్టు నాకు తోచింది.

గంగమ్మ జాతరలో పలక వాయించేవాణ్ని పక్కన నిలబడి చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. దూరానికి వినబడేది కుడిచేతి దెబ్బ. ఎడమచేతిలోని సన్నపుల్ల వేసే చిన్నచిన్న దెబ్బలు దగ్గరికి పోతేగానీ తెలియవు. జనాన్ని ఆడించేది ఆ సన్నపుల్లే. హారిస్ దౌడులో ‘కిట’ అలాంటిది. క్యాసెట్‌లో నాకు ‘తా’ వినబడేది, మిగిలింది హోరులో కరిగిపోయేది. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ ‘కిట’ ఎదురురొమ్మున తగిలింది. కారణం అతని తీగల్లో ఉంది. గరుకుగా ఉండే మామూలు తీగలు కాకుండా, నునుపుగా బల్లపరుపుగా చుట్టిన తీగలు వాడతాడు. వాటిని ఇష్టపడే తక్కినవాళ్లు ఏళ్ల తరబడి మార్చరు, పాతబడేకొద్దీ వచ్చే మెత్తని నాదం వాళ్లకు కావాలి. హారిస్ ప్రతి కచేరీకీ కొత్త జత వేయిస్తాడు. కొత్త తీగ, గట్టి వేలు, మెట్లకు తగిలి లేచే ‘టక్’మనే చప్పుడు. అందరూ తీసెయ్యాలని చూసే ఆ టకటకను అతను తన గొంతుగా చేసుకున్నాడు. అందువల్లే మూడు గిటార్ల కింద కూడా బేస్ మునిగిపోదు. ‘కిట’ విడివిడిగా మనదాకా వస్తుంది.

ఇక ఆ మూడు గిటార్లు. స్మిత్ 1990లో బృందాన్ని వదిలాడు, అతని చోటికి గెర్స్ వచ్చాడు. మధ్యలో డికిన్సన్ కూడా వెళ్లిపోయాడు. 1999లో అతనితో పాటు స్మిత్ తిరిగి వచ్చినప్పుడు గెర్స్‌ను పంపెయ్యలేదు. ముగ్గురూ ఉండనీ అన్నారు. ఈ మాట మర్యాదగా బాగుంటుంది కానీ పనిలో కష్టం. ముగ్గురు ఒకేసారి వాయిస్తే బురద అవుతుంది. దాన్ని ఎలా తప్పించారో ‘ది ట్రూపర్’ మొదట్లోనే కనబడింది. ఒకే వరుస పాటను ఇద్దరు వాయిస్తారు, ఒకరు ‘స’ దగ్గర ఉంటే రెండోవారు ‘గ’ దగ్గర. వరుస ఎక్కినా దిగినా మధ్య దూరం ఆ మూడో మెట్టు దగ్గరే నిలుస్తుంది. పాట మెట్లను బట్టి ఒకచోట ఆ దూరం చిన్న గాంధారం, ఇంకోచోట పెద్ద గాంధారం అవుతుంది. చెవికి మాత్రం రెండు గొంతులున్న ఒకే మనిషి పాడినట్టుంటుంది. మూడోవాడు ఆ జంటలో ఒకరి వెంటైనా నడుస్తాడు, లేదా కింద దౌడు పట్టుకుంటాడు. ఎవరు ఎప్పుడు వెనక్కి తగ్గాలో ముగ్గురికీ తెలుసు.

కర్ణాటక సంగీతం చెవిన పడుతూ పెరిగిన మనకు ఒక సమయంలో ఒకే వరుస అలవాటు. గమకంలో ఉన్న సొగసే సొగసు. అందుకే ఈ జంట స్వరాలు నాకు మొదట్లో ఒకటే లావుపాటి గిటార్‌లా వినబడేవి. ముర్రే వేళ్లూ స్మిత్ వేళ్లూ పక్కపక్కన, వేరువేరు మెట్ల మీద, ఒకే క్షణాన కదలడం చూశాకే అది విడిపోయింది. ఇప్పుడు ఒకే స్పీకరులో విన్నా రెండుగానే వినబడుతుంది. కన్ను చెవికి నేర్పిన పాఠమది.

సోలోల దగ్గర మనుషులు వేరవుతారు. ‘ది ట్రూపర్’లో మొదటిది స్మిత్‌ది, రెండోది ముర్రేది. స్మిత్ సోలో ముందే రాసిపెట్టుకున్న పాటలా ఉంటుంది, ఎత్తుగడ, నడక, ముగింపు అన్నీ కుదురుగా. ముర్రే ఒకసారి మీటి, ఆ తర్వాత ఎడమచేతి వేళ్లను తీగ మీద కొట్టీ లాగీ స్వరాలు పుట్టిస్తాడు. అందుకే అతని వరుసలో మీటు చప్పుడు తగ్గి నీళ్లు జారినట్టు పోతుంది. చిరునవ్వు మాత్రం ముఖం మీద నుంచి జారదు. గెర్స్ గురించి అభిమానుల్లో తగువులున్నాయి. గిటార్‌ను గాల్లోకి విసురుతాడు, గిరగిరా తిప్పుతాడు, కాలెత్తి స్పీకర్ల మీద పెడతాడు. వాయించేది తక్కువ, ఆడేది ఎక్కువ అంటారు. నేను ఒప్పుకోను. అంతపెద్ద మైదానంలో చివరి వరుసలో ఉన్నవాడికి వేళ్లు కనబడవు. అతనికి లయను ఒంటితో చూపించేది గెర్సే.

ఆ రాత్రి నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన పాట అప్పటి కొత్త ఆల్బమ్‌లోది. 2006 ఆగస్టులో వచ్చిన ‘ఎ మేటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’లోని ‘బ్రైటర్ దేన్ ఎ థౌజండ్ సన్స్’. అణుబాంబు మీద పాట. భగవద్గీత విశ్వరూపంలోని వేయి సూర్యుల కాంతి, అణుశాస్త్రజ్ఞుల మీద రాబర్ట్ యుంక్ రాసిన పుస్తకానికి పేరై, అక్కణ్నుంచి ఈ పాటకు చేరింది. దాని ముఖ్యమైన గిటార్ వరుస ఏడు మాత్రలది. రాక్ వినేవాడి తల నాలుగుకు ఊగుతుంది. ఏడు వస్తే తడబడుతుంది. నా చుట్టూ అలాగే తడబడ్డారు. మిశ్రచాపు తెలిసిన చెవికి మాత్రం అది కాళ్ల కింద నేల దొరికినట్టుంటుంది. తొడ మీద తాళం వేసుకుంటూ నిలబడ్డాను, ఏ ఆవర్తంలోనూ తప్పలేదు. పాతపాటలే కావాలని అరిచేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ముందు ఇది వినండి అని కచేరీ మొదట్లోనే కొత్తపాటలు పెట్టడంలో ఆ బృందం తన పని మీద తనకున్న గౌరవం చూపించింది.

డికిన్సన్ గొంతును వైమానిక దాడి సైరన్ అని పిలుస్తారు. ఆ బిరుదు నాకు నచ్చదు, అరుపు ఒక్కటే అతని గొప్ప అన్నట్టుంటుంది. ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ రికార్డు చేసేటప్పుడు నిర్మాత మార్టిన్ బర్చ్ ఆ పాట మొదటి వరుసలను గంటల తరబడి మళ్లీ మళ్లీ పాడించి అతని ఓపిక పరీక్షించాడు. ఆ ప్రసిద్ధమైన కేకలో ఆ కసి కూడా ఉందంటారు. నేను గమనించింది అతని మాట స్పష్టత. వేదిక ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగెత్తుతూ పాడుతున్నా మాట చివరి హల్లు తెగిపోదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పరుగులోనే లెక్క ఉంది. అతను కత్తిసాము నేర్చినవాడు, విమానాలు నడిపే పైలట్. 2008లో ప్రపంచయాత్ర మొదలుపెట్టి బృందాన్ని, సామానును ఒకే బోయింగ్ 757లో వేసుకుని తనే నడుపుతూ తిరిగాడు. ఆ యాత్రలో మొదటి కచేరీ మన ముంబయిలోనే.

‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ గురించి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. 1992 నాటి పాట, హారిస్ రచన. ఆల్బమ్‌లో వింటే మంచి పాట, అంతే. వేదిక మీద అది వేరే వస్తువు. మెల్లగా మొదలయ్యే గిటార్ వరుసను మాటలు లేకుండా, ‘ఓ’ అనే అచ్చుతో, జనం అందుకుంటారు. 2001 జనవరిలో రియోలో లక్షలమంది అలా పాడిన రికార్డు ఉంది. అది విని విని ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో మాకు కంఠతా వచ్చు. బెంగుళూరులో మాకు ఎవరూ చెయ్యి ఊపి చెప్పలేదు. గిటార్ మొదలవగానే వేల గొంతులు ఒకే శ్రుతిలో లేచాయి.

ఇందులో ఉన్న పనితనం జనానిది మాత్రమే కాదు. గిటార్ కోసం కట్టిన వరుసను మామూలు గొంతు పాడగలిగేలా కట్టడం చాలా కష్టం. స్వరాలు మరీ దూరం దూకకూడదు. ఊపిరికి తావుండాలి. ఒకసారి వింటే రెండోసారికి పట్టుబడాలి, పదోసారికి విసుగు రాకూడదు. ఇంగ్లీషు రాకపోయినా పాడగలగాలి. హారిస్ వరుసలు చాలావాటికి ఈ గుణం ఉంది. మా మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి ఇందులో ఒక పాత అనుభవం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడ ‘జనగణమన’ పాడితే, పల్లవి దగ్గర విద్యార్థులు ఎవరూ చెప్పకుండానే గొంతు కలిపారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, పాశ్చాత్య సంగీతం చదువుకున్న ఐర్లండు వనిత మార్గరెట్ కజిన్స్, ఆ బాణీకి స్వరలిపి రాసింది. ఒక గుంపు తొలిసారి విని కూడా అందుకోగలిగిన బాణీ ఎలా ఉంటుందో ఆ కాలేజీకి ఆ రోజే తెలుసు.

వేదిక మీద అందరికన్నా తక్కువ కనబడినవాడు నికో. డ్రమ్స్ గోడలా కట్టి ఉంటే వెనక నుంచి జుట్టు, కర్రల కొసలు మాత్రమే కనిపించాయి. అతను చెప్పులు లేకుండా, ఒట్టికాలితో పెడల్ తొక్కుతాడు. ఈ జాతి సంగీతంలో వేగం కోసం రెండు కాళ్లకూ రెండు పెడళ్లు పెట్టుకోవడం మామూలు. నికో ఏళ్ల తరబడి ఒకే కాలితో, ఒకే పెడల్‌తో ఆ పని లాగించాడు. ఒక కాలు కాబట్టి ఆ దెబ్బల మధ్య కాస్త మనిషి ఊపు ఉంటుంది, యంత్రం కుట్టినట్టు ఉండదు. మెయిడెన్ పాట పరుగెత్తుతున్నా ఊగుతున్నట్టు ఉండటానికి నా లెక్కలో సగం కారణం ఆ కాలే.

2023 జనవరిలో నికోకు పక్షవాతం వచ్చింది, కుడివైపు చచ్చుబడింది. కొన్ని వారాల చికిత్స తర్వాత మే నెలలో మళ్లీ వేదికెక్కాడు. తన చేతికి అందని వేగమైన విరుపులు కొన్నింటిని వదిలేశాడు. ‘ది ట్రూపర్’లోని విరుపు వాటిలో ఒకటి. ఆ సంగతి తనే బయటికి చెప్పాడు. ఆ ఖాళీలో సాదా దెబ్బలు వేసి దౌడు ఆగకుండా చూసుకున్నాడు. 2024 డిసెంబరులో సావో పాలో కచేరీతో ప్రయాణాల నుంచి విరమించుకున్నాడు. అతని చోట ఇప్పుడు సైమన్ డాసన్ వాయిస్తున్నాడు.

కొత్తగా వినాలనుకునేవారు 1985లో వచ్చిన ‘లైవ్ ఆఫ్టర్ డెత్’తో మొదలుపెట్టండి. స్పీకరులో వద్దు, హెడ్‌ఫోన్‌లో వినండి. ‘ది ట్రూపర్’ను మొదట ఎడమ చెవిలో మాత్రమే, తర్వాత కుడి చెవిలో మాత్రమే, ఆ తర్వాత రెండింటిలోనూ. బేస్ మీద మనసు పెట్టి ‘తా’ను వదిలేసి ‘కిట’ను పట్టుకోండి. తర్వాత ‘రాక్ ఇన్ రియో’లోని ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’, గొంతు ఎత్తి పాడగలిగిన చోట. తాళం వేసే అలవాటున్నవారు ‘బ్రైటర్ దేన్ ఎ థౌజండ్ సన్స్’ను ఆఖరుకు ఉంచుకోండి. ఏడు మాత్రలకు చెయ్యి కుదిరాక గిటార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.